కొర్రబయలుకి కాశ్మీర్ పేరెందుకు?

మొన్న డిసెంబరులో మా బావ, అక్క, పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చారు. విశాఖ ఇల్లు, బీచ్, జూ అయ్యాక బావ ఒకటే పట్టు, లంబసింగి వెళ్లాల్సిందే అని. రాత్రి ఒంటిగంటకి కారెక్కి నర్సీపట్నం మీదుగా, డౌనూరు దాటి ఘాట్ ఎక్కి, అయిదు కాకముందే చేరాం. దిగీ దిగగానే చలి చెవుల్లోంచి దూరింది. రోడ్డు పక్కన చలిమంటలు, పాకల్లో టీ, పక్కన నిలబడ్డ మనిషి కూడా మసక మసగ్గా కనిపిస్తున్నాడు. రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాప్ వేసుకున్న మా బావ అటూ ఇటూ చూసి అడిగాడు.

"మంచు ఏదిరా?"

"ఇదే బావా. నీ మొహం మీద ఉన్నదే."

"ఇది పొగరా. నేనడిగేది మంచు. తెల్లగా కింద పడుంటుందే, అది."

ఫోన్ తీసి చూపించాడు. ఎవరో పెట్టిన వీడియో. పైన పెద్ద అక్షరాల్లో 'ఆంధ్రా కాశ్మీర్'. కింద బొమ్మలో మోకాళ్ల లోతు హిమం, దేవదారు చెట్లు. ఆ బొమ్మకీ విశాఖ మన్యానికీ సంబంధం లేదని కళ్లున్న వాళ్లెవరికైనా తెలుస్తుంది. కానీ మా బావ రాత్రంతా నిద్ర మానుకుని వచ్చింది దాన్ని చూడ్డానికే.

తప్పు పూర్తిగా ఆయనది కాదు. మన భాషలో మంచు అనే మాట ఒక్కటే. పొద్దున గడ్డి మీద నీటిబొట్లూ మంచే, దారి కనిపించకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. వివరంగా చెప్పాలంటే పొగమంచు అంటాం, అంతే. ఆకాశం నుంచి తెల్లగా రాలే హిమాన్ని ఎన్నడూ చూడని జనం మాట్లాడే భాషకి అంతకంటే అవసరం పడలేదు. అలాంటి మాట పక్కన కాశ్మీర్ అని అంటిస్తే వినేవాడి బుర్రలో ఏ బొమ్మ వస్తుందో చెప్పక్కర్లేదు.

అసలు సంగతేంటంటే, ఆ ఊరికి ఇంతకంటే మంచి పేరు ముందే ఉంది. లంబసింగిని, లమ్మసింగి అని కూడా అంటారు, స్థానికులు కొర్రబయలు అని పిలుస్తారు. కొర్ర అంటే కర్ర, బయలు అంటే ఆరుబయట. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. దీన్ని చమత్కారంగా మాత్రమే తీసుకునేవాణ్ణి. తర్వాత ఆలోచిస్తే అది వాతావరణ నివేదిక అనిపించింది.

లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. వెయ్యి మీటర్లంటే పెద్ద ఎత్తేం కాదు. పైగా ఉష్ణమండలం. అయినా కొన్ని శీతాకాలపు రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దాకా దిగుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కొండవాలు మీదుగా జారి పల్లంలో, మైదానంలో చేరి గడ్డకట్టినట్టు కూర్చుంటుంది. చెట్ల కింద అంత చలి ఉండదు, ఆకులు కప్పులా వేడిని ఆపుతాయి. కష్టమంతా బయలులోనే. 'బయలు' అన్న ఆ ఒక్క ముక్కలో ఈ సైన్సంతా ఉంది. చెట్టు కిందో, ఇంట్లోనో ఉండు, బయట ఉండకు అని ఊరి పేరే చెబుతోంది. 'ఆంధ్రా కాశ్మీర్' అన్న పేరు ఏం చెబుతుంది? కాశ్మీర్ వెళ్లడానికి డబ్బుల్లేని వాళ్లు ఇటు రండి అని. ఇంతకుమించి నాకేమీ వినపడదు.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద పొద్దున కనిపించే మబ్బుల సముద్రం కూడా ఈ చలిగాలి మాయే. పల్లంలో చేరిన గాలిలో తేమ మంచుగా మారి అక్కడే నిలుస్తుంది, మనం దాని పైన నిలబడతాం. ఎండ ఎక్కగానే కరిగిపోతుంది. ఎనిమిదింటికి వెళ్లి "ఏం లేదండీ, మోసం" అని రివ్యూ రాసిన వాళ్లనీ చూశాను.

అరకు సంగతి ఇంకా చిత్రం. దాన్ని ఆంధ్రా ఊటీ అంటారు. నీలగిరుల్లోని ఆ ఊరికి మొదట ఉన్నది అక్కడి తోడా తెగవాళ్లు పెట్టుకున్న పేరు. దొరల నోట నలిగి ఊటకమండ్ అయింది, అదీ బరువై ఊటీ అయింది. అంటే ఒక చోట పోగొట్టుకున్న పేరు తాలూకు ముక్కని తెచ్చి ఇంకోచోట తగిలించుకున్నాం. ఊటీ రెండు వేల రెండు వందల మీటర్ల పైన ఉంటుంది. అరకు లోయ తొమ్మిది వందల మీటర్ల చిల్లర. సగం కూడా కాదు. మే నెలలో పిల్లల సెలవులకి ఊటీ అనుకుని వచ్చి మధ్యాహ్నం చెమటలు పట్టాక హోటల్ వాళ్ల మీద విరుచుకుపడే కుటుంబాలని ప్రతి ఏడూ చూస్తాం. అరకు చేసిన తప్పేంటి? అది అరకులాగే ఉంది. వానాకాలం చివర్లో, వలిసె పూలు పూసినప్పుడు వచ్చి ఉంటే ఆ పసుపు పొలాలని చూసి అదే కుటుంబం నోరెళ్లబెట్టేది.

ఇంకో మాట. 'లోయ' అనగానే దిగడం గుర్తొస్తుంది. కానీ అరకు లోయకి ఎక్కాలి. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దగ్గర ఘాట్ మొదలై, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట అన్నీ ఎక్కాక అవతలికి కొంచెం దిగితే అప్పుడు లోయ. మన ఇంటి మేడ మీద పెరడు ఉన్నట్టు. ఆ మేడ గోడే తూర్పు కనుమలు.

ఆ గోడ మీద పడ్డ వాన ఎటు పోతుందో చూస్తే ఈ ప్రాంతం మొత్తం అర్థమవుతుంది. ఇటు పడ్డ చినుకు గోస్తనిలోకి దిగి, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి, కొంత విశాఖ కుళాయిల్లోకి వచ్చి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అటు, అరకు వైపు పడ్డ చినుక్కి సముద్రం మీద తొందరేం లేదు. అది మత్స్యగెడ్డలో చేరి, ఒడిశా సరిహద్దు వెంట వెళ్లి, డుడుమ దగ్గర కిందికి దూకి, సీలేరు అనే పేరు పెట్టుకుని, శబరిలో కలిసి, చివరికి గోదావరి అయి సముద్రం చేరుతుంది. గాలికొండ దగ్గర వ్యూపాయింట్‌లో సెల్ఫీ తీసుకునే వాళ్ల వెనకాల ఇంత కథ ఉంది. అక్కడ బోర్డు మీద మాత్రం ఎత్తు ఎన్ని అడుగులో ఉంటుంది, అంతే.

మత్స్యగెడ్డ అన్నాను కదా. గెడ్డ అంటే ఉత్తరాంధ్రలో వాగు. కృష్ణా, గుంటూరు వైపు స్నేహితులకి ఈ మాట చెబితే గడ్డ అనుకుంటారు. హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. అక్కడ చేపల్ని ఎవరూ పట్టరు, దేవుడి చేపలని మేత వేస్తారు, పక్కనే శివాలయం. ఒడ్డాదిని ఏలిన రాజులు కూడా తమది మత్స్య వంశమనే చెప్పుకున్నారు. ఇంత చరిత్ర ఉన్న పేరు, 1955లో జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యే నాటికి కాగితాల మీద మాచ్‌ఖండ్ అయి కూర్చుంది. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా "మాచ్‌ఖండ్‌లో ఏదో అయింది" అని మా ఇంట్లో అనేవారు. అందులో చేప ఉందని నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా తెలియదు.

పేర్లు చదవడం నేర్చుకోవాలంటే నా సలహా ఒకటే: విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే రైలెక్కండి. 2017 నుంచి అద్దాల పెట్టె వచ్చింది, అందరూ దానికోసమే కొట్టుకుంటారు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా చాలు. ఈ లైను మనల్ని తిప్పడానికి వేసింది కాదు. 1960ల్లో అక్కడి బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడానికి కొండల్ని తొలిచారు. యాభై ఎనిమిది సొరంగాలు. పిల్లలు ప్రతి సొరంగంలో కేకలు పెడతారు, పది దాటాక పెద్దవాళ్లకి తలనొప్పి.

మీరు మాత్రం స్టేషన్ బోర్డులు చూడండి. కొత్తవలస. తర్వాత కొండెక్కాక కరకవలస. వలస అంటే ఎక్కణ్ణించో వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరు. మన ఉత్తరాంధ్రలో వలసలు లేని మండలం ఉండదేమో. ఎవరు, ఎందుకు, ఏ కరువులో, ఏ రాజు పన్నుకి భయపడి వచ్చారో పేరు చెప్పదు, కానీ వచ్చారని మాత్రం చెబుతుంది. ఆ తర్వాత శిమిలిగుడ. శిమిలి అంటే ఒడియాలో బూరుగు చెట్టు. గుడ మన గూడెం లాంటిదే. బూరుగు గూడెం అన్నమాట. తర్వాత అరకు, గోరాపూర్, దార్లిపుట్. ఈ పుట్ అన్నది జలాపుట్, కొరాపుట్, మన ముంచింగిపుట్టు, అన్నిట్లోనూ ఉంది. రాష్ట్రాల సరిహద్దు ఎక్కడుందో బోర్డులు చూసి చెప్పలేరు. వలసలు పలచబడుతూ, గుడలు పెరుగుతూ, పుట్టులు మొదలవుతూ ఒక భాష ఇంకో భాషలోకి జారిపోతుంది. సరిహద్దు గీత గీసింది ఎవరో ఆఫీసులో, పేర్లు పెట్టింది నేల మీద నడిచినవాళ్లు.

శిమిలిగుడ ఎత్తు 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్ ఇదే. తర్వాత కాశ్మీర్ లోయలో రైళ్లు తిరగడం మొదలై ఆ రికార్డు అటుపోయింది. నిజం కాశ్మీరం వచ్చి ఓడించిందని మా బావకి చెప్పాను. ఆయన నవ్వలేదు.

బొర్రా గుహల దగ్గర నాకు ఎప్పుడూ ఒక పేచీ. లోపలికి వెళ్లగానే చెప్పే మొదటి వాక్యం, ఇంటర్నెట్‌లో కూడా అందరూ దించి రాసే వాక్యం: "ఈ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ కనుగొన్నాడు." జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో. పుట్టని ఆఫీసుకి ఉద్యోగి ఎలా ఉంటాడు? నలభై ఏళ్ల తేడా. ఒకసారి గైడ్‌ని మర్యాదగానే అడిగాను. "మాకు అలాగే చెప్పమన్నారు సార్" అన్నాడు. అతని తప్పు లేదు, ఆ మాట వినడానికే జనం వస్తారు. దొర పేరు, ఒక సంవత్సరం, రెండూ ఉంటే చరిత్రలా వినిపిస్తుంది.

ఊళ్లోవాళ్ల కథ వేరు. మేతకెళ్లిన ఆవు ఒకటి పైన ఉన్న కన్నంలోంచి గుహలో పడిపోయింది. వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి ఆవు క్షేమంగా దొరికింది, పక్కన శివలింగంలాంటి రాయి కనిపించింది. ఆవు పొదుగు నుంచి వచ్చిందే గోస్తని. దీన్ని పుక్కిటి పురాణం అనేవాళ్లున్నారు. సరే, ఆవు సంగతి పక్కన పెట్టండి. అందులో ఉన్న భూగోళం చూడండి: గుహ పైకప్పుకి కన్నం ఉంది, కింద నీళ్లున్నాయి, ఆ నీళ్లు నదికి చెందినవి. మూడూ నిజమే. సున్నపురాతిని నీరు కరిగించి తొలిస్తే గుహ అవుతుంది, ఆ నీరే చుక్క చుక్కగా రాలుతూ పైనుంచి వేలాడే రాళ్లనీ, కింద నుంచి లేచే లింగాలనీ కడుతుంది. పేరు కూడా అంతే. ఒడియాలో నేలలో తొలిచిన కన్నాన్ని బొర్రా అంటారని చెబుతారు. మన బొరియ దానికి చుట్టమే అని నా అనుమానం. ఏ మాట ఎవరిదో నిపుణులు తేలుస్తారు గానీ, 'బొరియ' అని వినగానే మన పల్లెటూరి పిల్లకి గుహ అర్థమవుతుంది, '1807' అంటే ఏమీ అర్థం కాదు.

ఆ గుహల చుట్టుపక్కల ఊళ్లు దేశానికి ఇచ్చింది ఇంకొకటుంది. గనుల లీజుల మీద ఈ బొర్రా ప్రాంతం నుంచి మొదలైన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూముల్ని కూడా ప్రైవేటు కంపెనీలకి గనులకోసం లీజుకివ్వకూడదని. గుహలోపల రంగురంగుల లైట్లున్నాయి, ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటి పెట్టడానికి చోటు లేకపోయిందా అనిపిస్తుంది.

అరకు దగ్గరి చాపరాయి జలపాతం పేరు మీద మాత్రం మా ఇంట్లోనే గొడవ. చాపలా పరుచుకున్న రాయి మీదుగా నీళ్లు జారతాయి కాబట్టి చాపరాయి అని నేను. ఉత్తరాంధ్రలో చేపని చాప అంటాం కాబట్టి అది చేపరాయి అని మా అమ్మ. ఇంకా తేలలేదు. ఏదైనా ఆ రాయి జారుతుంది, జాగ్రత్త.

"ఇవన్నీ చదువుకున్నోడి ముచ్చట్లు, ఊరి పేరుతో ఏం పని, చూసి రావడమే కదా" అనేవాళ్లకి విశాఖలోనే జవాబుంది. తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి చుట్టుపక్కల జనం దాన్ని అలా పిలుచుకునేవారు. 1970ల్లో నేవీ వాళ్ల సర్వేలో ఆ కొండ సంగతి బయటపడి, తవ్వకాలు జరిగాక కదా అది రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామమని, ఆ తొట్లు భిక్షువుల నీటి ఏర్పాటని లోకానికి తెలిసింది! బావికొండ అంతే, బావులు. బౌద్ధం పోయింది, బుద్ధుడి పేరు చెప్పేవాళ్లు పోయారు, చైత్యాలు మట్టిలో కలిశాయి. తొట్టి, బావి అన్న రెండు మామూలు మాటలు మాత్రం పశువులు కాసుకునేవాళ్ల నోట్లో మిగిలాయి. ఆ కొండలకి ఎవరో ఒకరు ఫలానా వ్యూపాయింట్ అని పేరు పెట్టి ఉంటే, ఆ గుర్తూ పోయేది. యారాడ కొండని డాల్ఫిన్ నోస్ చేసేశాం చూడండి, ఇప్పుడు ఆటోవాడికి కూడా ఆ పేరే చెప్పాలి.

ఈ కొండల రాయి పేరు ఇంకా తమాషా. సింహాచలం, కైలాసగిరి, మన ఊరి చుట్టూ ఉన్న ఎర్రబారిన కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ రాయి. కోణార్క్ గుడి కట్టింది కూడా దీనితోనే. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండు తెగ పేరు మీదుగా ఆ రాయికి పేరు పెట్టాడు. ఖోండు అన్న మాట మన 'కొండ' నుంచే వచ్చిందంటారు, వాళ్లు తమని తాము పిలుచుకునేది కువి, కుయి అని. కొండ మనుషుల పేరయింది, మనుషుల పేరు రాయిదయింది, రాయి మళ్లీ కొండ కిందికొచ్చింది. అలాంటి చోట నిలబడి దీన్ని ఊటీ అంటే నోరు రాదు నాకు.

మాకు నేర్పిన భూగోళం కూడా ఏం తక్కువ తినలేదు. తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరం ఏది? మహేంద్రగిరి, 1,501 మీటర్లు. పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్నాం. పాడేరు వైపు అర్మకొండ, సీతమ్మకొండ అని పిలిచే శిఖరం 1,680 మీటర్లు. మహేంద్రగిరికి పరశురాముడి కథ ఉంది, గుళ్లున్నాయి, పుస్తకాల్లోకి ఎక్కింది. ఇది మన్యంలో ఉంది కాబట్టి నూట ఎనభై మీటర్ల ఎత్తు ఎక్కువున్నా ఎవరికీ కనిపించలేదు.

మన్యం అన్నాను గానీ, విశాఖలో ఎవరూ ఆ మాట వాడరు. ఏజెన్సీ అంటారు. "ఏజెన్సీలో పోస్టింగ్ పడిందట, పాపం" అంటారు. 1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసి ఈ కొండల్ని మామూలు కోర్టుల కింది నుంచి తీసి గవర్నర్ ఏజెంటు చేతికిచ్చింది. ఏజెంటు పోయాడు, కంపెనీ పోయింది, గవర్నరూ మారాడు. ఏజెన్సీ మిగిలింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా వచ్చిన జిల్లాకి, ఇదే కొండల్లో ఏజెంటు పాలన మీద తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. బాగుంది. మన్యం అన్న మాట మాత్రం పక్కన పార్వతీపురానికి పోయింది. దాంతో మన్యం వీరుడి జిల్లా వేరు, మన్యం జిల్లా వేరు అయ్యాయి. అరకు ఇప్పుడు మన జిల్లాలో లేదు, అయినా ట్రావెల్స్ వాళ్ల బోర్డుల మీద 'వైజాగ్ అరకు' చెక్కుచెదరలేదు.

నా స్నేహితుడొకడు టూరిస్టుల్ని తిప్పే కారు నడుపుతాడు. ఇదంతా విని, "ఆంధ్రా కాశ్మీర్ అన్నాకే కదా నాకు డిసెంబరంతా బేరాలు. కొర్రబయలు అంటే ఎవడొస్తాడు?" అన్నాడు. వాడి మాట కొట్టేయలేను. లంబసింగి పాకల్లో టీ అమ్మేవాళ్లకి, గుడారాలు అద్దెకిచ్చే కుర్రాళ్లకి నాలుగు డబ్బులు వచ్చింది ఆ పేరు పుణ్యమే. కానీ అదే కొండల మీద ఇంకో ఉదాహరణ కూడా ఉంది. అరకు కాఫీని ఎవరూ ఆంధ్రా కూర్గ్ కాఫీ అని అమ్మలేదు. అరకు అనే అమ్మారు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో ఆ పేరుతో దుకాణం వెలిసింది. తన పేరు మీద తానే నిలబడ్డ సరుకుకి ధర వచ్చింది. అరువు తెచ్చుకున్న పేరుతో వచ్చిన టూరిస్టు మాత్రం ఎప్పుడూ అసలుదానితో పోల్చి పెదవి విరుస్తాడు.

ఇంకొకరు, వయసులో నాకంటే పెద్దాయన, కొండ మీద చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవారు, ఇంకా గట్టి ప్రశ్న వేశారు. "నువ్వు మన పేర్లు, మన పేర్లు అంటున్నావు. అవి నీవా బాబూ? గదబలవి, పోర్జలవి, కోటియాలవి, ఈ కొండల తెగలవి. నువ్వు వాటికి తెలుగు అర్థాలు లాగుతున్నావు. దొర చేసిందీ అదేగా." నిజమే. బొర్రాని బొరియ అన్నప్పుడు నాకు లోపల ఎంత సంతోషమైందో నాకు తెలుసు. ఆ రోజు నుంచి అర్థాలు చెప్పడం తగ్గించి, పలకడం సరిగ్గా నేర్చుకుంటున్నాను. సంతలో ఎవరినైనా మీ ఊరేది అని అడిగి, వాళ్లు చెప్పినట్టే తిరిగి పలికితే వాళ్లు నవ్వి సరిచేస్తారు. మూడోసారికి వస్తుంది.

మళ్లీ మా బావ దగ్గరికి. ఆయన ఆ రోజు టీ తాగాడు, చలిమంట దగ్గర ఫొటోలు దిగాడు, పిల్లలు గడ్డి మీద తెల్లగా పేరుకున్న మంచుని గోళ్లతో గీకి ఒకరి మెడ మీద ఒకరు పెట్టుకున్నారు. హైదరాబాద్ వెళ్లాక ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టి 'ఆంధ్రా కాశ్మీర్ డైరీస్' అని రాశాడు. నేను కింద 'కొర్రబయలు' అని ఒక్క మాట పెట్టాను.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "అదెక్కడరా? మొన్న చూపించలేదేం? ఈసారి అక్కడికి తీసుకెళ్లు."